గోడ మీది సున్నాను నమ్మొచ్చా? – ఏసీల్లో గ్యాస్ డిటెక్టర్ల పరీక్ష, మన బాధ్యత

(మిర్చి సీజన్‌కు ముందు రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు ఇచ్చిన అంశం చూసి కొందరు నవ్వారు. "గిట్టుబాటు ధర గురించో, కౌలు కార్డుల గురించో చెప్తావనుకుంటే గ్యాస్ మీటర్ల గురించి చెప్తావా?" అన్నారు. ధర గురించి పొద్దున మాట్లాడుకున్నాం, రేపూ మాట్లాడతాం. కానీ ధర లేనప్పుడు మనం సరుకు ఎక్కడ పెడుతున్నాం? ఏసీలో. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. కల్లంలో ఎండబెట్టి, కోతకూలి అప్పు తెచ్చి ఇచ్చి, టిక్కీలు తొక్కించి తీసుకెళ్లి అక్కడ పెడుతున్నాం. చేతికి ఒక బాండు కాగితం ఇస్తున్నారు. మన ఏడాది కష్టం ఆ గోడల మధ్య ఉంటోంది. ఆ టిక్కీలు మోసే హమాలీలు, బయట రేకుల షెడ్డులో తొడిమలు తీసే ఆడకూలీలు కూడా అక్కడే ఉంటున్నారు. కాబట్టి ఆ గోడల లోపల ఏముందో తెలుసుకోవాల్సిన పని మనది కూడా.

అక్కడ ఉండేది అమ్మోనియా.

అమ్మోనియా ఎందుకు, దాని గుణం ఏంటి?

ఏసీలో చలి పుట్టించేది అమ్మోనియానే. యంత్రంలో ఒత్తిడి మీద ద్రవంగా ఉండి, గదిలోని పైపుల్లో ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. చౌక, కరెంటు ఆదా, చలి బాగా ఇస్తుంది. అందుకే మన మిర్చి ఏసీలతో పాటు పసుపు ఏసీలు, ఐస్ ఫ్యాక్టరీలు, భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీలు, పెద్ద పాల డెయిరీలు కూడా దాన్నే వాడతాయి. మనం చేలో చల్లే యూరియా తయారయ్యేదీ అమ్మోనియా నుంచే. దాన్ని దెయ్యంలా చూడక్కర్లేదు. కానీ దాని గుణం తెలియాలి.

గాలిలో గ్యాస్ ఎంత ఉందో పీపీఎంలలో చెప్తారు. పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు గ్యాస్ ఉంటే 1 పీపీఎం. ఎనిమిది గంటల పనికి అమ్మోనియా 25 పీపీఎం దాటకూడదు. పావుగంట సేపటికైనా 35 దాటకూడదు. 300 పీపీఎం ఉన్న చోట ముసుగు లేని మనిషి ఉండకూడదు. అది ప్రాణానికే ప్రమాదం. గాలిలో నూటికి 15 నుంచి 28 పాళ్లు చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది కూడా. అంటే అంటుకునే స్థాయికి రావాలంటే 1,50,000 పీపీఎం కావాలి. అంతకు చాలా చాలా ముందే మనిషి పోతాడు.

దీనికి తేమ అంటే ప్రాణం. తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. మన కంటిలో తడి, గొంతులో తడి, ఊపిరితిత్తుల్లో తడి. అందుకే ముందు కళ్లు మండుతాయి, ఆ తర్వాత ఊపిరి పట్టేస్తుంది.

ఇంకో గుణం గుర్తు పెట్టుకోండి. అమ్మోనియా గ్యాస్ గాలి కన్నా తేలిక. పైకి పోతుంది. మన ఏసీల్లో టిక్కీలు అంతస్తుల మీద అంతస్తులుగా పేరుస్తారు. కింద లీకైతే పై అంతస్తులో ఉన్న హమాలీ మీదికి వస్తుంది. దిగడానికి చాలాచోట్ల ఒకటే మెట్ల దారి. అయితే ద్రవం బయటికి చిమ్మితే మాత్రం అది చల్లటి తెల్లటి పొగమంచులా నేల మీదే పాకుతుంది. అందుకని "పైకి పోతుందిలే" అని కింద నిలబడటం కూడా తప్పే.

ముక్కు చాలదా?

"అమ్మోనియా ఘాటు ఎవరికైనా తెలుస్తుంది, దానికి మీటరెందుకు?" అని ఒక యాజమాన్యం మన వాళ్లను అడిగింది. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ మూడు కారణాల వల్ల ముక్కు చాలదు.

ఒకటి, రోజూ ఆ వాసనలో పనిచేసేవాడికి ముక్కు అలవాటు పడిపోతుంది. కొత్తగా గేటులోకి వచ్చిన మనకు ఘాటు తగులుతుంది, ఇంజన్ రూములో ఆపరేటర్‌కు "ఏం లేదే" అనిపిస్తుంది. రెండు, రాత్రి రెండింటికి ఇంజన్ రూములో మనిషి ఉండకపోవచ్చు, ఉన్నా కునుకు తీస్తూ ఉండొచ్చు. మూడు, ముక్కుకు తెలిసేసరికి మనిషి గ్యాస్‌లోనే ఉంటాడు. మీటరు పని మనిషి లోపలికి పోకముందే చెప్పడం.

అన్ని గ్యాసులకూ వాసన ఉండదని కూడా మన ప్రాంతం చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం గ్రామం దగ్గర గెయిల్ పైపులైను లీకై మంటలు లేచాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు మాడిపోయాయి. వంటగ్యాస్‌కు వాసన మందు కలుపుతారు కాబట్టి మనకు తెలుస్తుంది. పెద్ద పైపులైన్లలో పోయే సహజవాయువుకు మామూలుగా ఆ వాసన ఉండదు. ఇక పేడగుంతల్లో, మురుగు ట్యాంకుల్లో పుట్టే కుళ్లిన గుడ్ల వాసన గ్యాస్ ఉంది చూడండి, హైడ్రోజన్ సల్ఫైడ్. అది ఎక్కువైతే ముక్కునే చంపేస్తుంది. వాసన ఆగిపోయింది, గ్యాస్ పోయిందనుకుని దిగినవాడు మళ్లీ పైకి రాడు.

సున్నాలు రెండు రకాలు

సరే, మీటరు పెట్టారు. గోడ మీద డబ్బా, అందులో ఎర్రటి అంకెల్లో 0 అని వెలుగుతోంది. ఇక భయం లేదా?

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ సున్నాకు రెండు అర్థాలున్నాయి. గాలిలో గ్యాస్ లేదు కాబట్టి సున్నా. లేదా, మీటరు ముక్కు చచ్చిపోయింది కాబట్టి సున్నా. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఫ్యాన్ చెడిపోతే తిరగదు, మనకు తెలుస్తుంది. మోటారు కాలిపోతే నీళ్లు రావు, తెలుస్తుంది. గ్యాస్ మీటరు చెడిపోతే చాలాసార్లు ఏమీ జరగదు. లైటు వెలుగుతూనే ఉంటుంది. వైరు తెగితే కొన్ని మీటర్లు చెప్తాయి గానీ, ముక్కు మొద్దుబారితే తమకు తాముగా చెప్పలేవు.

అమ్మోనియాకు ఎక్కువగా వాడే సెన్సారు ఒక చిన్న బ్యాటరీ లాంటిది. లోపల రసాయనం ఉంటుంది. గ్యాస్ తగిలితే చిన్న కరెంటు పుడుతుంది, అదే అంకెగా మారుతుంది. ఆ రసాయనం వాడకంతో అరిగిపోతుంది, ఎండిపోతుంది. సాధారణంగా రెండు మూడేళ్లు దాని ఆయువు. పెద్ద లీకు ఒకసారి తగిలితే ఇంకా ముందే పోవచ్చు. అంటుకునే గ్యాసులకు వాడే ఇంకోరకం సెన్సారు వేడి పూస మీద పనిచేస్తుంది. దానికి సిలికాన్ విషం. ఆ పూస దగ్గర సిలికాన్ సీలెంటో స్ప్రేనో వాడితే పూస మీద పొర కడుతుంది. ఆ తర్వాత గ్యాస్ వచ్చినా దానికి తెలియదు.

ఇవి కాక మన చేతివాటం ఉండనే ఉంది. నేను ఒక ఏసీలో కళ్లారా చూశాను. గోడలకు సున్నం వేసేటప్పుడు పాడవకూడదని మీటరుకు పాలిథిన్ కవరు కట్టారు. సున్నం ఎండింది, సీజన్ మొదలైంది, టిక్కీలు నిండాయి. కవరు అలాగే ఉంది. లోపల ఆకుపచ్చ లైటు చక్కగా వెలుగుతోంది.

కాటాను ఎలా చూస్తామో దీన్నీ అలాగే చూడాలి

పరీక్ష అనగానే ఇదేదో ఇంజనీర్ల విద్య అనుకోకండి. మీకు తెలిసిన విద్యే. యార్డులో కాటాను ఎలా చూస్తాం?

ముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తోందా అని చూస్తాం. తర్వాత ముద్ర ఉన్న ఇరవై కిలోల రాయి పెట్టి ఇరవై చూపిస్తోందా అని చూస్తాం. ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడిందా అని అడుగుతాం. సున్నా చూపించినంత మాత్రాన కాటా మంచిదని ఎవరైనా నమ్ముతారా? రాయి పెట్టకుండా నమ్మరు.

గ్యాస్ మీటరుకు కూడా అంతే. శుభ్రమైన గాలిలో సున్నా చూడాలి. తర్వాత తెలిసినంత గ్యాస్, ఉదాహరణకు 50 పీపీఎం అని రాసి సర్టిఫికెట్ ఇచ్చిన చిన్న సిలిండరు నుంచి గ్యాస్ ఇచ్చి, 50 చూపిస్తోందా అని చూడాలి. ఆ సిలిండరే మన ముద్ర రాయి. తేడా ఉంటే సరిదిద్దాలి. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. సరిదిద్దకుండా, గ్యాస్ తగిలిస్తే మీటరు స్పందిస్తోందా, సైరన్ మోగుతోందా అని మాత్రమే చూసే చిన్న పరీక్షను బంప్ టెస్ట్ అంటారు. రెండూ కావాలి. ఎన్నాళ్లకోసారి అన్నది ఆ మీటరు కంపెనీ పుస్తకంలో ఉంటుంది. సాధారణంగా కాలిబ్రేషన్ మూడు నుంచి ఆరు నెలలకోసారి చేస్తారు, మధ్యలో బంప్ టెస్టులు చేస్తారు. పెద్ద లీకు జరిగాక, సెన్సారు మార్చాక వెంటనే చేయాలి.

పరీక్ష క్షేమంగా ఎలా జరగాలి?

మిత్రులారా, ఒక మాట స్పష్టంగా చెప్తున్నాను. ఈ పరీక్ష మనం చేయం. మనలో ఎవరూ నిచ్చెనెక్కి మీటరు విప్పొద్దు. అది శిక్షణ ఉన్న టెక్నీషియన్ పని. కానీ పని సరిగ్గా జరిగిందో లేదో తెలియాలంటే పద్ధతి మనకు తెలిసి ఉండాలి. రిఫ్రిజిరేషన్ మెకానిక్కులుగా పనిచేసే మన ఊళ్ల కుర్రాళ్లను అడిగి, మీటర్ల పుస్తకాలు చదివించుకుని వరసగా రాసుకున్నాను.

మొదటిది, అందరికీ చెప్పడం. ఇంజన్ రూము ఆపరేటర్‌కు, మేనేజరుకు, ముఠా మేస్త్రికి, షెడ్డులో ఆడవాళ్లకు ఫలానా టైముకు పరీక్ష, సైరన్ మోగుతుంది అని చెప్పాలి. చెప్పకపోతే రెండు నష్టాలు. జనం భయపడి మెట్ల మీద తొక్కుకుంటారు. లేదా "ఎప్పుడూ మోగేదేలే" అని అలవాటు పడి అసలు రోజున కదలరు. పరీక్ష మొదలైందని చెప్పినట్టే, అయిపోయిందని కూడా చెప్పాలి. "ఇక మోగితే నిజం" అనే మాట అందరి చెవినా పడాలి.

రెండోది, టెక్నీషియన్ సొంత రక్షణ. ఒంటరిగా చేయకూడదు, ఇద్దరుండాలి. జేబుకు తగిలించుకునే చిన్న మీటరు ఉండాలి, అది ముందే పరీక్షించినదై ఉండాలి. కళ్లద్దాలు, ముసుగు దగ్గర ఉండాలి. బయటికి పోయే తలుపు దగ్గర టిక్కీలు, ఖాళీ పట్టాలు అడ్డం లేకుండా చూడాలి. అమ్మోనియా మీటర్లు పైన కప్పు దగ్గర ఉంటాయి కాబట్టి నిచ్చెన కావాలి. పక్కనే కంప్రెసర్ బెల్టు తిరుగుతుంటుంది. నిచ్చెన పట్టుకోవడానికి మనిషి లేకుండా ఎక్కితే గ్యాస్ కన్నా ముందు ఆ బెల్టే ప్రాణం తీస్తుంది. అప్పటికే మీటరు నిజంగా ఏదైనా అంకె చూపిస్తుంటే పరీక్ష పెట్టకూడదు. ముందు ఆ లీకు సంగతి చూడాలి.

మూడోది, బైపాస్. చాలాచోట్ల మీటరు మోగితే కంప్రెసర్ ఆగిపోయేటట్టు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరిగేటట్టు కనెక్షన్ ఉంటుంది. పరీక్షలో మొత్తం ప్లాంటు ఆగకుండా కాసేపు ఆ కనెక్షన్ ఆపుతారు. ఇదే అన్నింటికన్నా ప్రమాదమైన మెట్టు. ఎందుకంటే ఆపినవాడు మళ్లీ కలపడం మర్చిపోతే, ఆ తర్వాత మీటరు మోగినా ఏమీ ఆగదు. అందుకని ఒక్కసారి ఒక్క మీటరే ఆపాలి. ప్యానెల్ మీద ఎర్ర ట్యాగు కట్టాలి. ఎవరు, ఎన్నింటికి ఆపారో రాయాలి. కలిపాక రెండో మనిషి చూసి సంతకం పెట్టాలి.

నాలుగోది, సున్నా. గదిలో కొంచెం అమ్మోనియా ఉండగానే మీటరును సున్నాకు తిప్పారనుకోండి. కాటా మీద చెయ్యి పెట్టి సున్నా చేసినట్టే. ఇక ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. 15 పీపీఎం ఉన్నప్పుడు సున్నా చేస్తే, నిజంగా 40 ఉన్నప్పుడు 25 అంటుంది. గది గాలి శుభ్రంగా ఉందని నమ్మకం లేకపోతే, శుభ్రమైన గాలి నింపిన సిలిండరు తెచ్చి దానితో సున్నా చూడాలి.

ఐదోది, గ్యాస్ ఇవ్వడం. సిలిండరు మీద మూడు విషయాలు చూడాలి. ఏ గ్యాస్, ఎంత పీపీఎం, గడువు తేదీ. పురుగుమందు డబ్బా మీద గడువు చూస్తాం కదా, ఇదీ అంతే. గడువు దాటిన అమ్మోనియా సిలిండరులో రాసినంత బలం ఉండకపోవచ్చు. దానితో సరిచేస్తే అరిగిన రాయితో కాటా సరిచేసినట్టు. గ్యాస్ ఎంత ధారగా పోవాలో పుస్తకంలో ఉంటుంది, దానికి తగిన రెగ్యులేటరు వాడాలి. మీటరు ముక్కుకు సరిగ్గా పట్టే కప్పు తొడగాలి. ట్యూబు పొట్టిగా ఉండాలి, కంపెనీ చెప్పిన రకమే ఉండాలి. దొరికిన రబ్బరు ట్యూబు పెడితే దాని గోడలకే అమ్మోనియా అంటుకుపోయి మీటరుకు తక్కువ చేరుతుంది. అంకె పెరిగి నిలబడేదాకా ఓపిక పట్టాలి. చలిగదిలో ఉన్న మీటరు ఇంకా నెమ్మదిగా స్పందిస్తుంది.

ఆరోది, రాయడం. సరిదిద్దక ముందు ఎంత చూపించింది, సరిదిద్దాక ఎంత చూపించింది, రెండూ రాయాలి. చాలామంది రెండోదే రాస్తారు. మనకు మొదటిదే ముఖ్యం. 50 ఇస్తే 48 చూపించిందంటే మీటరు మంచిదే. 50 ఇస్తే 10 చూపించిందంటే, గత పరీక్ష తర్వాత ఎన్నాళ్ల నుంచి మన హమాలీలు గుడ్డి మీటరు కింద మూటలు మోశారో ఆ అంకె చెప్తుంది. అలాంటి సెన్సారును తిప్పి తిప్పి 50కి తేవడం కాదు, మార్చాలి. పరీక్షల మధ్య గడువు కూడా తగ్గించాలి.

ఏడోది, చివరి దాకా చూడటం. అంకె వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. అలారం లైటు వెలిగిందా? పై అంతస్తులో టిక్కీల మధ్య నిలబడ్డవాడికి సైరన్ వినపడిందా? కంప్రెసర్ హోరులో వినపడిందా? ఫ్యాను తిరిగిందా? వాచ్‌మన్ గదిలో మోగిందా? తర్వాత గ్యాస్ తీసేసి, అంకె మళ్లీ సున్నాకు దిగిందని చూసి, బైపాస్ తీసి, ట్యాగు విప్పి, అప్పుడు నిచ్చెన దిగాలి.

ఆ సిలిండర్ల సంగతి కూడా. చిన్నవే అయినా లోపల ఒత్తిడి ఉంటుంది. ఎండలో ఆపిన కారులో, వంటగదిలో పెట్టకూడదు. ఖాళీ అయిందని పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకూడదు.

చేయకూడని పనులు

పరీక్ష పేరుతో మన దగ్గర జరుగుతున్న అడ్డదారులు కూడా చెప్పాలి.

దూదిని అమ్మోనియా నీళ్లలో ముంచి మీటరు ముందు పెడతారు. అది మోగుతుంది. "చూశారా, పనిచేస్తోంది" అంటారు. ఆ దూది దగ్గర ఎన్ని వందల పీపీఎం ఉందో ఎవరికీ తెలియదు. వెయ్యికి మోగిన మీటరు 25కి మోగుతుందని రుజువేంటి? క్వింటా బస్తా వేస్తే కాటా ముల్లు కదిలింది కాబట్టి కిలో తేడా లేదన్నట్టుంది. పైగా అంత ఘాటు తగిలి సెన్సారు త్వరగా అరుగుతుంది.

అంటుకునే గ్యాస్ మీటర్ల ముందు సిగరెట్ లైటరు గ్యాస్ వదులుతారు. ఇదీ అంతే. ఆ ఘాటుకు సెన్సారు దెబ్బతింటుంది, పక్కన నిప్పురవ్వ ఉంటే మనిషి కాలతాడు.

ఇంకొందరు వాల్వు కొంచెం వదులు చేసి అసలు అమ్మోనియానే గదిలోకి వదులుతారు. దీన్ని పరీక్ష అనకూడదు, నేరం అనాలి.

గంధకం వత్తి వెలిగించి తెల్లపొగ చూసి లీకు వెతకడం పాత మెకానిక్కుల పద్ధతి. లీకు ఏ జాయింటు దగ్గర ఉందో కనుక్కోవడానికి అది పనికొస్తుంది. మీటరు మంచిదా కాదా చెప్పడానికి అది పనికిరాదు.

పెద్ద ప్రమాదాలు చెప్పిన పాఠం

మీటరు ఉండటం వేరు, దాన్ని నమ్మగలగడం వేరు. భోపాల్ చూడండి. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ట్యాంకు ఒత్తిడి పెరుగుతోందని గేజి చూపించింది. కానీ అక్కడి పరికరాలు తప్పులు చూపిస్తాయన్న పేరు అప్పటికే ఉంది, అంకెను చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. చలి యంత్రం ఆపేసి ఉంది. గ్యాస్‌ను కాల్చే మంట గొట్టం రిపేరు కోసం విప్పి ఉంది. కాగితం మీద అన్ని రక్షణలూ ఉన్నాయి. ఆ రాత్రి ఏదీ పనికి రాలేదు.

మన విశాఖ చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడింది. పన్నెండు మంది పోయారు, పశువులు పోయాయి. ఊరికి సైరన్ మోగలేదు. ట్యాంకులో వేడి కొలిచే పరికరం అడుగున మాత్రమే ఉందని, పైభాగంలో ఎంత వేడెక్కిందో చెప్పే ఏర్పాటు లేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పింది. అంటే పరికరం ఉండాల్సిన చోట లేకపోయినా లేనట్టే. మన ఏసీలో అమ్మోనియా మీటరు మోకాలి ఎత్తున, తలుపు పక్కన, చూడటానికి వీలుగా పెడితే అదీ అంతే. గ్యాస్ పైన పోతుంటుంది, మీటరు కింద నిద్రపోతుంటుంది.

ఖర్చు మాటేంటి?

యాజమాన్యాలు ఖర్చు అంటాయి. సరే, లెక్క వేద్దాం. లక్ష టిక్కీలు పట్టే ఏసీ అనుకుందాం. మనం కట్టే అద్దెలో టిక్కీకి ఒక్క రూపాయి ఈ పనికి పక్కన పెడితే లక్ష రూపాయలు. ఏడాదికి లక్ష రూపాయలు పెట్టి మీటర్లు పరీక్ష చేయించుకోలేని ఏసీ ఉంటుందా? ఈ మాట అడగగానే "అయితే అద్దె పెంచుతాం" అంటారు. దానికి మనం ఒప్పుకోకూడదు. మనం కట్టే అద్దె చలికి మాత్రమే కాదు, క్షేమానికి కూడా. తాళం ఖర్చు వేరుగా ఇవ్వమని ఏ ఇంటాయనా అడగడు.

లీకు జరిగితే పోయేది ముందు మనుషుల ప్రాణం. తర్వాత సరుకు. అమ్మోనియా తగిలిన సరుకు రంగు, వాసన పాడవుతాయి. మిర్చికి ధర వచ్చేదే రంగు మీద. లీకు భయంతో చలి ఆపేసినా సరుకు చెడుతుంది. అప్పుడు బాండు పట్టుకుని ఎవరి చుట్టూ తిరగాలో మనకు తెలుసు.

చట్టం ఏమంటుంది? కోల్డ్ స్టోరేజీ గోడౌను మాత్రమే, ఫ్యాక్టరీ కాదు అని ఎవరైనా అంటే నమ్మకండి. చలిగదిలో సరుకు నిల్వ ఉంచడం కూడా ఫ్యాక్టరీ పని కిందికే వస్తుందని 1948 ఫ్యాక్టరీల చట్టమే నిర్వచనంలో రాసింది. భోపాల్ తర్వాత 1987లో ప్రమాదకర పనుల గురించి ఆ చట్టంలో ఒక అధ్యాయమే చేర్చారు. చట్టాల పేర్లు మారాయి, కోడ్‌లు వచ్చాయి. పేరు ఏదైనా పనివాడి ప్రాణానికి యజమాని బాధ్యుడు, తనిఖీ చేయాల్సింది ప్రభుత్వం. ఆ మాట మనం వదలకూడదు.

మన పని ఏంటి?

మొదటి టిక్కీ లోపలికి పోకముందే, జనవరిలోనే, మన గ్రామాల సరుకు పోయే ప్రతి ఏసీకి ముగ్గురు చొప్పున వెళ్దాం. ఒక రైతు, ఒక హమాలీ, ఒక తొడిమల కూలీ అక్క. గొడవకు కాదు, అడగడానికి. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి.

1. అమ్మోనియా మీటర్లు ఎన్ని? ఎక్కడెక్కడ? ఇంజన్ రూములో పైన ఉందా?
2. చివరి కాలిబ్రేషన్ ఏ తేదీ? రికార్డు చూపించండి. ముందు అంకె, తర్వాత అంకె రెండూ ఉన్నాయా?
3. సెన్సారు ఎప్పుడు మార్చారు?
4. సిలిండరు గడువు తేదీ ఎంత?
5. బైపాస్ పుస్తకం ఉందా? ఇప్పుడు ఏదైనా బైపాస్‌లో ఉందా?
6. సైరన్ మోగించి చూపించండి. పై అంతస్తులో వినపడుతుందా?
7. గాలి సిలిండరు ఉన్న శ్వాస ముసుగులు ఎన్ని? ఎవరికి వాడటం వచ్చు?
8. కళ్లు కడుక్కునే నీళ్లు ఎక్కడ?

జవాబు లేని ఏసీల జాబితా మనం మండలాల వారీగా తయారుచేసి ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకు, కలెక్టరుకు ఇద్దాం. మన డిమాండ్లు నాలుగు. సీజన్‌కు ముందు అధికారుల సమక్షంలో ప్రతి ఏసీలో మీటర్ల పరీక్ష జరగాలి. పరీక్ష తేదీ, తర్వాతి గడువు గేటు దగ్గర తెలుగులో బోర్డు మీద రాయాలి. హమాలీలకు, కూలీలకు యాజమాన్యం ఖర్చుతో ఏడాదికి రెండుసార్లు బయటపడే అభ్యాసం చేయించాలి. లీకు వల్ల ప్రాణానికి, సరుకుకు నష్టం జరిగితే పరిహారం ఎవరిదో బాండు మీదే స్పష్టంగా ఉండాలి.

చివరగా హమాలీ మిత్రులకు నాలుగు ముక్కలు. సైరన్ మోగితే మూట అక్కడే పడేయండి. టిక్కీ మనది, ప్రాణం మీది. ఏ రైతూ మిమ్మల్ని టిక్కీ ఏమైందని అడగడు, అడిగితే సంఘం చూసుకుంటుంది. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి, గ్యాస్‌కు అడ్డంగా పక్కకు తప్పుకుని గాలి వచ్చే వైపుకు పోండి. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుంటే బయటికి పరిగెత్తేదాకా కొంత మేలు, అంతేగాని దాన్ని నమ్ముకుని లోపలికి పోకండి. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా నీళ్లతో కడగండి. తడిసిన బట్టలు విప్పేయండి. లోపల పడిపోయిన తోటివాడి కోసం ముసుగు లేకుండా వెళ్లకండి. ఇది కఠినమైన మాటే, నాకు తెలుసు. కానీ ఒకరి కోసం వెళ్లి ముగ్గురు పోయిన సంఘటనలు మురుగు గుంతల దగ్గర మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ ముసుగు ముందే గోడకు వేలాడాలని ఇవాళే అడగడం అందుకే.

కాటా సరిగ్గా లేకపోతే మనకు కిలో పోతుంది. దానికే మనం యార్డులో కాటాలు ఆపించి ధర్నా చేశాం. గ్యాస్ మీటరు సరిగ్గా లేకపోతే పోయేది మనిషి. ఈ సీజన్‌లో ముద్ర లేని కాటా మీద సరుకు తూచనివ్వం, పరీక్ష తేదీ లేని ఏసీలో సరుకు దించం. ఈ తీర్మానాన్ని మీ గ్రామ కమిటీల్లో పెట్టి, సంతకాలతో వచ్చే నెల సమావేశానికి తీసుకురావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.